అమ్మ వేలిముద్ర

కాకినాడలో ఎమ్మెస్సీ సీటు వచ్చినప్పుడు స్కాలర్‌షిప్ సంగతి నేనే వెతికి తెలుసుకున్నాను. మా రేవులో అంత చదువుకి వెళ్లినవాళ్లు లేరు, అడుగుదామంటే మనిషి లేడు. కాగితాలన్నీ ఫోన్‌లోనే ఎక్కించాను. ఒక్కటి మిగిలింది. డబ్బు తల్లి ఖాతాలో పడుతుంది కాబట్టి తల్లి ఊరి సచివాలయానికి వచ్చి వేలిముద్ర వెయ్యాలి. అది పడకపోతే స్కాలర్‌షిప్ లేదు. స్కాలర్‌షిప్ లేకపోతే సీటూ లేదు.

అమ్మ పెళ్లైన నాటి నుంచీ షెడ్డులో ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచేది. వేళ్లు మార్చి మార్చి పెట్టినా మిషను ఒప్పుకోలేదు.

“గీతలు అరిగిపోయాయండి. కన్ను చూసి గుర్తుపట్టే మిషనేమో పాడైంది,” అన్నాడు అక్కడి ఉద్యోగి.

“వదినా, నువ్వు దొంగతనానికెళ్లినా దొరకవు!” అంది వరసలో వెనకావిడ. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది.

కొన్నాళ్లు రొయ్య ముట్టకుండా నూనె రాసుకుంటే గీతలు తేలతాయని ఆ ఉద్యోగే చెప్పాడు. అమ్మ పని మానేసింది. రోజూ నేనే కొబ్బరినూనె రాసేదాన్ని. గడువుకి ముందురోజు బొటనవేలు వెలుతురుకి పెట్టి చూస్తే, పోటు వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలినట్టు సన్నటి గీతలు.

తెల్లారి లేచేసరికి అమ్మ పంపు దగ్గర కూర్చుని, బూడిదా కొబ్బరి పీచూ పెట్టి చేతులు తోముకుంటోంది. వేళ్లు ఎర్రగా కమిలిపోయాయి.

“ఏంటమ్మా ఇది!”

“నీచు వాసనొస్తాది కదే. నీ పక్కన నిలబడాలి. నలుగురిలో నువ్వు చిన్నబోకూడదు.”

పని మానేసి అన్నాళ్లయినా చేతుల్లో ఆ వాసన ఉందనే అనుకుంది.

ఆ రోజు మిషన్లో ఎర్ర లైటే వెలిగింది. సాయంత్రానికి గడువు అయిపోయింది. నా చదువు డిగ్రీతో ఆగింది.

ఇప్పుడు నాకో పాప. దాని ఒళ్లు కాస్త వెచ్చబడినా అమ్మని పిలుస్తాను. అమ్మ వేళ్లు మడిచి, వాటి వెనక వైపు పాప నుదుటికి ఆనించి చూస్తుంది. అరచేత్తో చూడమంటే, “గీసుకుంటాదే,” అంటుంది.

ఇవాళా అలాగే చూసింది. “తగ్గిందిలే, పడుకో,” అని తన మంచం మీద కూర్చుని వేళ్లకి కొబ్బరినూనె రాసుకుంటోంది.

“ఇంకా ఎందుకమ్మా?”

“దీని చదువుకైనా పడాలి కదే.”

దానికి తల్లిని నేను, కావలసింది నా వేలిముద్ర అని చెప్పలేకపోయాను.