పోస్టు డబ్బాలో పడని కార్డు

మా డిగ్రీ బ్యాచ్ వాళ్ళకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. పొద్దున పువ్వుల బొమ్మలు, మధ్యాహ్నం షుగర్ తగ్గే చిట్కాలు, సాయంత్రం పాత ముచ్చట్లు. ఏడాదికి రెండు మూడుసార్లయినా ఎవరో ఒకరు మా లెక్కల సారు మతిమరుపు సంగతి ఎత్తుతారు. "అందరిండ్లకు కార్డులు రాసిండు గని కోదాడోని ఇంటికి రాసుడు మరిచిండు" అంటారు. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు పడతాయి. వాటిలో ఒకటి నాది. మొన్న కూడా పెట్టాను. పెట్టి ఫోన్ పక్కన పడేశాక, యాభై దాటినవాడిని, నాకే సిగ్గేసింది. సారు ఏదీ మరిచిపోలేదు. ఆ కార్డు ఏమైందో నాకు తెలుసు. అది నా పెట్టెలో ఉండింది.

ఎనభైల నడుమ సంగతి. మాది మిర్యాలగూడ. నేను సూర్యాపేటలో బీఎస్సీ చదివేవాణ్ణి. కోదాడ అవతలి ఊరి నుంచి వచ్చిన క్లాసుమేటు, నేను కలిసి ఒక గది కిరాయికి తీసుకున్నాం. వాడు నన్ను "మిర్యాలగూడా" అని పిలిచేవాడు, నేను వాణ్ణి "కోదాడా" అనేవాణ్ణి. వాడి మాటలో సగం ఆంధ్ర యాస. వాడు "ఏంటిరా" అంటే వాడి చేత "ఏందిరా" అనిపించేదాకా మేం వదిలేవాళ్ళం కాదు. అయితే వాడికొక గొప్ప విద్య ఉంది. వంట. కిరోసిన్ స్టవ్ మీద వాడు పెట్టే పప్పుచారు వాసనకు పక్క గదుల వాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. నాకు స్టవ్ వెలిగించడం కూడా రాదు. ఒకసారి ప్రయత్నించి కనుబొమ్మలు కాల్చుకున్నాను. అప్పటి నుంచి వంట వాడిది, గిన్నెలు నావి.

ఇక సారు. కాలేజీలో పిల్లలను పంచుకుని వాళ్ళ బాగోగులు చూడాలని లెక్చరర్లందరికీ చెప్పారట. నిజంగా చూసింది మా లెక్కల సారు ఒక్కరే. హాజరు పట్టీ కాలేజీది, జేబులో ఉండే చిన్న నోటుబుక్కు ఆయనది. ఎవరు వరసగా మూడు రోజులు రాలేదు, ఎవరు డౌట్లు అడగడం మానేశారు, యూనిట్ టెస్టులో ఎవరు జారారు, అన్నీ అందులో రాసుకునేవారు. "ముందు బెంచీల కూసునెటోడు ఎనక బెంచీకి పోయిండంటే ఊకెనే పోడు. ఏదో ఉంటది" అనేవారు. ముందు ఆ పిల్లవాణ్ణి వరండాలో కూర్చోబెట్టుకుని ఇంటి సంగతులూ ఊరి సంగతులూ మాట్లాడేవారు. దారికి రాకపోతే ఇంటికి పోస్టు కార్డు రాసేవారు. పరీక్షలు ముంచుకొచ్చాక కాదు, దసరాకు ముందే.

ఆ కార్డుల్లో ఒక చిక్కు వచ్చింది. మేం చేరకముందు ఏడాది ఆయన మామూలు కార్డులు రాశారు. మా పల్లెల్లో మూలలకు పసుపు లేని కార్డు ఇంటికొచ్చిందంటే ఎవరో పోయారనే లెక్క. ఒక తల్లి పోస్టుమ్యాన్ చేతిలో ఉత్త కార్డు చూసి, అందులో ఏముందో చదివించకముందే వాకిట్లో కూలబడి శోకాలు పెట్టిందట. అది విని సారు బాధపడి, మరుసటి ఏడాది నుంచి కార్డు నాలుగు మూలలకూ పసుపు రాయించడం మొదలుపెట్టారు. నా దస్తూరి బాగుంటుందని అడ్రసులు రాసే పని, పసుపు రాసే పని, కార్డులు తీసుకెళ్ళి పోస్టు డబ్బాలో వేసే పని నాకు అప్పగించారు. నేను అడ్రసు రాసి ఇస్తే, వెనక్కి తిప్పి ఆయన విషయం రాసేవారు.

పసుపుతో ఇంకో చిక్కు. మోతె దిక్కు నుంచి ఒక తండ్రి ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఒకరోజు సరాసరి కాలేజీకే వచ్చాడు. చేతిలో పసుపు కార్డు.

"సారూ, మావోడు యాడున్నడు? మాకు సెప్పకుండ పెండ్లి ఖాయం జేసుకున్నడా? పిల్ల ఎవ్వల పిల్ల?"

"పెండ్లా? ఎవ్వలు జెప్పిన్రు?"

"గిదేంది మరి? నాలుగు దిక్కుల పసుపు గొడుతుంటే!"

సారు కార్డు తీసుకుని చదివి వినిపించారు. కొడుకు ఫిజిక్సులో తక్కువ తెచ్చుకున్నాడని, ఒకసారి వచ్చి కలవమని ఉంది. తండ్రి గట్టిగా ఊపిరి పీల్చుకుని, "గింతేనా! సదువే గదా, కొడితే వస్తది" అన్నాడు. వెనక ఉన్న పెద్దమనిషి మాత్రం "పెండ్లి అంటే బస్సెక్కిన గదనే" అని దిగులుపడ్డాడు. సారు ముగ్గురికీ చాయ్ తాగించి, కొడితే రాదని, ఎట్లా వస్తుందో చెప్పి పంపారు. ఆ నెలంతా కాలేజీలో ఫెయిలైన ప్రతివాణ్ణీ "పెండ్లికొడుకు" అనే పిలిచాం.

రెండో ఏడాది దసరాకు ముందు అడ్రసుల జాబితాలో మా కోదాడవాడి పేరు కనిపించింది. వాడు ముందు బెంచీ నుంచి వెనక్కి పోయిన మాట నిజమే. గదిలో లెక్కల పుస్తకం తెరిచి, చూసి, మూసేవాడు. "సాయంత్రం మా ఇంటికి రా" అని సారు రెండుసార్లు పిలిచారని కూడా తెలుసు. "గదిలో వంట నాదే సార్" అని వాడు తప్పించుకున్నాడు. "ఇంటికి కార్డు పోయిందంటే మా నాయన మరుసటి రోజే అరక కడతాడురా నాతో" అని ఒకసారి నవ్వుతూ అన్నాడు.

వాడి తండ్రి పేరు మీద అడ్రసు రాసి, పసుపు రాసి సారుకు ఇచ్చాను. ఆయన విషయం రాసి, మిగతా వాటితో కలిపి తిరిగి ఇచ్చి, నోటుబుక్కులో టిక్కు పెట్టుకున్నారు. పోస్టు డబ్బా దగ్గర ఒక్కొక్కటే వేస్తూ వాడి కార్డు దగ్గర ఆగాను. వెనక్కి తిప్పి చదవలేదు. చదివితే వేయాల్సి వస్తుందని తెలుసు కాబోలు. జేబులో పెట్టుకున్నాను. స్నేహితుణ్ణి కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఇంటి వాళ్ళు వాణ్ణి తీసుకుపోతే నాకు వండిపెట్టేది ఎవరు? ఆ సాయంత్రం వాడు వంకాయ కూర చేశాడు. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. కార్డు నా పెట్టెలో, అడుగున పరిచిన పేపరు కింద ఉంది.

వేసవిలో వాడు లెక్కల్లో పోయాడు. అంచు మీద కాదు, బాగా కింద. జూన్‌లో తండ్రి కాలేజీకి వచ్చాడు. వరండాలో సారు చుట్టూ మేం చాలామందిమి ఉన్నాం. తెల్లటి గడ్డం, భుజాన తువ్వాలు, నెమ్మదైన మనిషి. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"అందరిళ్ళకీ కార్డులు రాశారంట సారూ. మావాడు చెబుతుంటాడు. మా ఇంటికి ఒక్క ముక్క రాయడానికి మీకు చేతులు రాలేదా? నాకు చదువు రాదు గానీ, చదివించుకోవడం వచ్చు."

సారు నోటుబుక్కు తీశారు. ఆ పేజీ దగ్గర ఆగారు. టిక్కు అక్కడ ఉండే ఉంటుంది. తలెత్తి ఒక్క క్షణం నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. ఆయన బుక్కు మూసి జేబులో పెట్టుకున్నారు.

"మరిచిపోయిన, పెద్దాయనా. నాదే తప్పు" అన్నారు.

అప్పుడు చెప్పాల్సింది. రెండు మాటలు చాలు. చెప్పలేదు. తండ్రి కొడుకును తీసుకుని, పెట్టె నెత్తిన పెట్టించుకుని కోదాడ బస్సెక్కాడు. స్టవ్ మాత్రం నాకు వదిలి పోయాడు వాడు, అంత మంచివాడు.

ఆ సాయంత్రం గదిలో మొదటిసారి కార్డు తిప్పి చదివాను. సారు రాసింది ఇది: "మీ అబ్బాయి తెలివైనవాడు. ఇంటర్ తెలుగులో చదివి ఇక్కడ ఇంగ్లీషులో వినవలసి రావడంతో వెనుకబడ్డాడు. ఇది వాడి తప్పు కాదు. కోపగించకండి, చదువు మాన్పించకండి. సాయంత్రాలు మా ఇంటికి వస్తే తెలుగులో చెప్తాను. మొహమాటంతో రావడం లేదు. మీరు ఒక్క మాట చెబితే వస్తాడు."

నేను వాడిని తిట్లనుంచి కాపాడాననుకున్నాను. అందులో తిట్టే లేదు.

వారం తర్వాత సారు నన్ను పిలిచి, "నీకు వాళ్ళూరి తొవ్వ తెల్సుగద. నడువు" అన్నారు. ఇద్దరం బస్సెక్కాం. మునగాల దాటేదాకా ఆయన ఏమీ అడగలేదు. ఆ తర్వాత కూడా అడగలేదు. రోడ్డు పక్క నారుమళ్ళు చూపించి, ఎవరి మడి బాగుంది, ఎవరిది ఎర్రబడింది చెబుతూ కూర్చున్నారు. కోదాడలో దిగి ఇంకో బస్సు పట్టుకుని ఆ ఊరు చేరాం. మా వాడు మోకాళ్ళదాకా బురదతో గట్టు మీద కనిపించి, సారును చూసి మళ్ళీ మడిలోకి దిగబోయాడు.

"ఆగురా! లెక్కలకు భయపడి బురదల దాక్కుంటవా?"

సారు తండ్రి దగ్గర ఇంకోసారి తప్పు ఒప్పుకున్నారు. ఆయన చేయని తప్పును, నా ముందే. రోజూ సాయంత్రం తన ఇంట్లోనే చెప్తానని, వీడి బాధ్యత తనదని అన్నారు. తండ్రి తువ్వాలు మడతపెట్టుకుంటూ "మళ్ళీ మరిచిపోరు కదా సారూ?" అన్నాడు. "మరువ" అన్నారు సారు.

వాడు మాతోపాటే వచ్చేశాడు. కానీ రెండో ఏడాది లెక్కలు, మూడో ఏడాది లెక్కలు రెండూ మీద పడి, మా అందరికంటే ఒక ఏడాది ఆలస్యంగా డిగ్రీ పూర్తి చేశాడు. ఆ ఏడాది నేను వాడికి బాకీ. మూడో ఏడాది కూడా అడ్రసులు నాతోనే రాయించారు సారు, పసుపు కూడా నాతోనే రాయించారు. పోస్టు డబ్బా దాకా మాత్రం తానే నడిచేవారు. "నడుస్తె మంచిదన్నడు డాక్టరు" అన్నారు. నేను తల వంచుకుని పసుపు చేతులు కడుక్కున్నాను.

తొంభైల చివర సారు రిటైరయ్యారు. అప్పటికి మా కోదాడవాడు లెక్కల టీచరు. సభలో మైకు పట్టుకుని, "సారు అందరిళ్ళకీ కార్డులు రాశారు, నాకు మరిచిపోయారు. అందుకే ఇంటికే వచ్చి తీసుకుపోయారు! కార్డుకంటే అదే నయం" అన్నాడు. హాలంతా నవ్వింది. దండల వెనక నుంచి సారు కూడా నవ్వారు. మతిమరుపు కథ ఆరోజు నుంచే బ్యాచ్ అంతా పాకింది.

ఇంటికొచ్చి పెట్టె అడుగు నుంచి కార్డు తీశాను. పన్నెండేళ్ళకు పసుపు వెలిసిపోయి గోధుమరంగు మరకలు మిగిలాయి. మూలలకు కొత్తగా పసుపు రాశాను. పాత కార్డుకు కొత్త స్టాంపు అంటించి, అడ్రసు కింద చిన్నగా "ఆపింది నేను" అని రాసి మిర్యాలగూడ పోస్టాఫీసులో వేశాను. డబ్బాలో పడిన చప్పుడు విన్నాకే కదిలాను.

వారానికి జవాబు వచ్చింది, పసుపు కార్డే. "ఆదివారం రా. వంట నువ్వే."

వెళ్ళాను. వాడి పిల్లలు, భార్య, తండ్రి వరసగా కూర్చున్నారు. గ్యాస్ పొయ్యి కాబట్టి కనుబొమ్మలు దక్కాయి. అన్నం మాత్రం పైన పలుకు, కింద మాడు. ఎందుకాపానో నేను చెప్పకముందే కనిపెట్టిన వాడు ఒక్కొక్క ముద్ద పైకెత్తి పిల్లలకు చూపించి, "దీని కోసమేరా మీ నాన్న కార్డు ఆగిపోయింది" అన్నాడు. కోపం లేదా అని అడిగాను. "ఉంది. తినడం అయ్యాక చెప్తా" అన్నాడు. తిన్నాక నిజంగానే చెప్పాడు. అరగంటసేపు. అది వాడికీ నాకూ మధ్య ఉండనివ్వండి.

తండ్రికి బాగా వయసు మీద పడింది. చేయి కడుక్కుని ఆ కార్డు నా చేతికిచ్చి, "నువ్వు చదువు" అన్నాడు. చదివాను. ఇంకోసారి చదవమన్నాడు.

"దీంట్లో తిట్టేం లేదు కదా బాబూ?"

"లేదు మామా."

"నేను ఆ మనిషిని అంతమందిలో ఎంత మాటన్నాను! రేపు సూర్యాపేట పోవాలి."

మరునాడు ముగ్గురం పోయాం. సారు వాకిట్లో పేపరు చదువుతున్నారు. ముసలాయన తువ్వాలు భుజం మీది నుంచి తీసి, "ఆ రోజు నోరు జారాను సారూ" అన్నాడు. సారు ఆయన్ని చేయి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు.

"మీరు సరిగ్గనే అన్నరు. టిక్కు పెట్టుకొని ఊకున్న. జవాబు రాకపాయె, ఇంటోళ్ళకు పట్టింపు లేదేమో అనుకున్న. అడగాల్నా వద్దా? అది నా తప్పు గాదా?" అని, నా వైపు తిరిగారు. "కార్డు ఎవ్వరాపిన్రో నాకు ఎరుకే. ఎందుకాపినవో మాత్రం ఇప్పటికీ ఎరుక లేదు. ఎందుకురా?"

స్నేహం అని చెప్పడానికి నోరు తెరిచాను. పక్కన వాడున్నాడు.

"నాకు వంట రాదు సార్" అన్నాను.

సారు కళ్ళజోడు తీసి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"ఇప్పుడన్న వస్తదా?"

"రాదు సార్" అన్నాడు మా కోదాడవాడు. "నిన్ననే తిన్నాం."