పికిలిపిట్ట గూడు, అమ్మకానికి లెన్సు

ఆదివారం, ఎర్రటి ఎండ. పొద్దున్నే బర్రెల కొట్టం కడిగి కొమరోలు దగ్గరి కుంటకు వెళ్లాను. గిద్దలూరులో ఫొటో స్టూడియో నడిపే మిత్రుడు పాత జూమ్ లెన్సు అమ్ముతానన్నాడు. కొనేముందు పిట్టల మీద పరీక్షించాలని అతన్నీ వెంట తీసుకెళ్లాను. కంపలో పికిలిపిట్ట గూడు, అందులో కళ్లు తెరవని పిల్లలు కనిపించాయి. ఆకులు అడ్డమొస్తున్నాయన్నాను, అంతే. అతను కెమెరా సంచిలోంచి కత్తెర తీసి గూటి ముందు కొమ్మలన్నీ కత్తిరించాడు.

"ఏంది బావా ఇది? ఎండకు పిల్లలు చస్తాయి."

"అందరూ చేసేదే బావా. ఇట్ల చేయకుంటే లెన్సు షార్పని నీకెట్ల తెలుస్తాది?"

తల్లిపిట్ట నోట్లో పురుగుతో వచ్చి, మమ్మల్ని చూసి గూట్లో దిగలేదు. అతను ఆపకుండా ఫొటోలు తీశాడు. నాకు ఒళ్లు మండింది. తెగిన కొమ్మలు గూటిమీద కప్పి, లెన్సు వద్దని చెప్పి వచ్చేశాను.

సాయంత్రం పురుగు పట్టుకున్న తల్లిపిట్ట ఫొటో మా వాట్సాప్ గ్రూపులో కనిపించింది. పైన "తల్లి ప్రేమ" అని రాశాడు. కింద అన్నీ దండాల బొమ్మలే. ఆ గ్రూపులోని మీరూ దండం పెట్టారా?