ఒక్క టోపీ విందు

సిక్స్టెన్‌కి ఉన్న జబ్బు ఒక్కటే: చట్టాలు చేయడం. భోజనాల బల్ల కనిపిస్తే చాలు, దానికో రాజ్యాంగం తయారుచేస్తాడు. ఇదేం పద్ధతయ్యా అంటే, "శిబిరంలో ఇలాగే చేసేవాళ్ళం" అంటాడు.

శిబిరమంటే అమెరికాలోని మిన్నెసోటాలో ఓ సరస్సు పక్కన, వేసవిలో పిల్లలకు తాతల భాష నేర్పిన చోటు. గేటు దాటగానే సొంత పేరు ఊడబెరికి స్వీడిష్ పేరు తగిలించేవారు. స్వీడిష్‌లో అడగనిదే కంచంలో బంగాళాదుంప పడేది కాదు. వేసవి అయ్యాక మిగతా పిల్లలంతా ఇళ్ళకు వెళ్ళి మామూలు మనుషులయ్యారు. సిక్స్టెన్ కాలేదు. అతని అసలు పేరు గ్యారీ. ఆ పేరుతో పిలిస్తే వెనక ఇంకెవరో వస్తున్నారనుకుని దారి ఇస్తాడు. తన పెళ్ళిలో, స్వీడిష్‌లో అడిగితే తప్ప మామగారికి కేకు ముక్క ఇవ్వనన్నాడు. ఆయన స్వీడన్ అంటే పడని నార్వే వంశస్థుడు. అడగనూ లేదు, తిననూ లేదు. భార్య రోండాకు స్వీడిష్‌లో వచ్చింది ఒకే ఒక్క వాక్యం: "ఆ వెన్న ఇటివ్వండి." ఆ వాక్యంతోనే ఆవిడ బతికినంతకాలం కాపురం చేసింది.

ఏటా ఆగస్టులో అతనితో కలిపి నలుగురు శిబిరం స్నేహితులు అతని ఇంట్లో కలుస్తారు. ఉప్పునీళ్ళలో సోయికూర వేసి ఉడికించి చల్లార్చిన రొయ్యలు, పీతల్లా గోళ్ళున్నవి, గుట్టగా పోసుకుని, తలకు కాగితం టోపీలు పెట్టుకుని, జుర్రుకుంటూ, పాడుకుంటూ, అందరూ ఒకేసారి అరుచుకుంటూ తినడం ఆ విందు రివాజు.

ఈసారి ఆ నలుగురిలో ఒకరైన హెడ్విగ్ బయలుదేరింది తినడానికి కాదు. ఇదే ఆఖరు, ఇక రాను అని చెప్పి వచ్చేయడానికి.

ఆమె చెవులు పోతున్నాయి. ముందు పిట్టల కూతలు పోయాయి. తరువాత సిక్స్టెన్ జోకులు పోయాయి. అది పెద్ద నష్టమేమీ కాదు. ఆ తరువాత బల్ల చుట్టూ మాటలన్నీ కలిసిపోయి గిన్నెలు దొర్లిన మోత అయ్యాయి. జుట్టు చాటున చెవికి పెట్టుకున్న మిషన్ ఆ మోతను ఇంకాస్త పెద్దది చేసింది, అంతే. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసి జీవితమంతా జనం నోళ్ళలోకి చూసిన మనిషి కనుక, ఎదురుగా ఒక్కరుంటే పెదవులు చూసి నెట్టుకొస్తుంది. నలుగురైతే నవ్వుతూ కూర్చుంటుంది. ఎవరికీ చెప్పలేదు. జాలిపడతారని భయం. పాత స్నేహితుల మధ్య అద్దాల వెనక చేపలా కూర్చోవడంకన్నా ఇంట్లో ఒంటరిగా సూపు తాగడమే నయమనిపించింది. ఆ సూపు ఎలా ఉంటుందో తలుచుకుంటేనే ఏడుపొచ్చింది.

వెళ్ళేసరికి మొదటి వింత: సిక్స్టెన్ మూతిమీద మీసం లేదు. పై పెదవినీ కింది పెదవినీ కలిపి కప్పేసి, చీపురులా వేలాడే మీసం అది.

"ఒరే, మీసం ఏదిరా?" అన్నాడు అల్గోత్. ధాన్యం గోదాము నడిపి రిటైరైన భారీ మనిషి.

"సూపు తాగడానికి అడ్డమొస్తోంది."

"ఇన్నేళ్ళూ అడ్డం రాలేదా?"

"సూపు మారింది. కూర్చో."

రెండో వింత: చీకటి పడ్డాక చేయాల్సిన విందు మధ్యాహ్నం మూడింటికే మొదలైంది. చంద్రుడి బొమ్మ ఉన్న కాగితం లాంతరు భగభగమండే ఎండలో వేలాడుతోంది. హెడ్విగ్‌ను సూర్యుడికి వీపు పెట్టించి, మిగతావాళ్ళను ఎండకు ఎదురుగా కూర్చోబెట్టాడు.

"నా కళ్ళు పోతున్నాయి సిక్స్టెన్! కుర్చీ మార్చు" అంది టీరా. చర్చిలో కాఫీ కాచే బృందానికి పెద్ద. ఆవిడ నోరు ఊరందరికీ తెలుసు.

"వీల్లేదు. శిబిరంలో ఇలాగే కూర్చునేవాళ్ళం."

"ఏ శిబిరంలోరా? జైల్లోనా?" అన్నాడు అల్గోత్.

మూడోది అన్నిటికన్నా ఘోరం. నలుగురికీ కలిపి ఒకటే టోపీ తెచ్చాడు. "టోపీ ఎవరి నెత్తిన ఉంటే వాళ్ళే మాట్లాడాలి. మిగతావాళ్ళు నోరు మూసుకుని వాళ్ళ మొహం చూడాలి. ఎవరైనా అడ్డొచ్చారో, రొయ్యలు వెనక్కి."

"పిసినారివాడా! కాగితం టోపీలకు కూడా కక్కుర్తేనా?" అంది టీరా.

"టోపీ లేకుండా మాట్లాడావు. ఒక రొయ్య వెనక్కి."

నిజంగానే తీసేసుకున్నాడు. ఆవిడ చేతిలోంచి, సగం ఒలిచింది. టీరా టోపీ లాక్కుని నెత్తిన పెట్టుకుని, అతణ్ణి నానా తిట్లూ తిట్టి, ఆ ఊపులోనే కోడలి సంగతి ఎత్తుకుంది. కోడలు కాఫీలో ఉప్పు వేసింది, అదేమంటే అది ఆచారమంది.

సగంలో హెడ్విగ్ చేతిలో రొయ్య ఆగిపోయింది. ఉప్పు, కోడలు, ఆచారం, అన్నీ అందాయి. ఎండలో టీరా పెదవులు అచ్చుగుద్దినట్టున్నాయి. అల్గోత్ వంతు వచ్చింది. అతని మోకాలి నొప్పి మొదటినుంచి చివరిదాకా అందింది. అంత విసుగు పుట్టించే కథ ఆమె ఇంత ఆత్రంగా ఎన్నడూ వినలేదు.

దుంపలు తెస్తానని సిక్స్టెన్ లేచాడు. వెనకే ఆమె వంటింట్లోకి వెళ్ళింది. అతను మాట్లాడేముందు కిటికీ వైపు తిరిగి, వెలుతురు మొహాన పడేలా నిలబడ్డాడు.

"నీకెప్పటినుంచి తెలుసు?" అంది.

"ఏమిటి?"

"సిక్స్టెన్!"

అతను గిన్నె కింద పెట్టాడు. "కిందటేడు నుంచి. మా బుస్సే చచ్చిపోయాడని చెప్పాను. పగలబడి నవ్వావు."

హెడ్విగ్ మొహం మాడిపోయింది. బుస్సే అతని కుక్క. రోండా పోయాక ఇంట్లో మిగిలిన ప్రాణం అదొక్కటే.

"ముందు కోపమొచ్చింది. నిజం చెప్పొద్దూ, జన్మలో నీ మొహం చూడకూడదనుకున్నాను. తరువాత ఆలోచిస్తే అనుమానమొచ్చింది. ఇన్నేళ్ళలో నా జోకుకు ఒక్కసారి నవ్విన పాపాన పోలేదు, కుక్క చావుకు నవ్వడమేమిటని."

"అడగొచ్చుగా!"

"నువ్వు దాచుకుంటున్నావు. నేనెలా అడుగుతాను? చట్టం పెడితే అందరూ నన్ను తిట్టుకుంటారు. నీవంక ఎవరూ చూడరు. తిట్లు నాకు అలవాటేగా."

"నేనివాళ వచ్చింది, ఇక రానని చెప్పడానికి."

"అయితే నాకెందుకు చెప్తావు? బయటికెళ్ళి టోపీ పెట్టుకుని చెప్పు."

ఆమె వెళ్ళి టోపీ పెట్టుకుంది. రానని చెప్పాలనే నోరు తెరిచింది. ఎదురుగా రెండు మొహాలు, ఎండకు కళ్ళు చికిలించుకుని, రొయ్యలు పోతాయన్న భయంతో కిక్కురుమనకుండా ఆమెనే చూస్తున్నాయి.

"నాకు చెవులు వినపడవు" అంది.

"అమ్మయ్య!" అంది టీరా. "మాట్లాడితే పలకవు, మామీద అలిగావనుకుని రెండేళ్ళుగా కుమిలిపోతున్నానే! చెవులేనా?" అంటూ ఇంకేదో గడగడా మొదలుపెట్టబోతే, అల్గోత్ ఆవిడ గడ్డం పట్టుకుని మొహం హెడ్విగ్ వైపు తిప్పాడు. "ఇప్పుడు చెప్పు" అన్నాడు.

దుంపలు వచ్చాయి. హెడ్విగ్ సిక్స్టెన్ వైపు తిరిగింది. "బుస్సే ఎలా పోయాడో చెప్పు. ఈసారి వింటాను."

అతను గొంతు సవరించుకుని, నిదానంగా చెప్పాడు. క్రిస్మస్ ముందురోజు. ముసలి కుక్క, ఒక కన్ను లేదు. ఆవాల ముద్ద పూసి కాల్చిన పంది తొడ మొత్తం బల్లమీంచి లాక్కెళ్ళి, అరుగు కిందికి దూరి, తనకన్నా బరువైనదాన్ని ఎముకతో సహా తినేసి, మూతినిండా ఆవపిండితో నిద్రపోయాడు. మళ్ళీ లేవలేదు.

హెడ్విగ్ పెదవి కొరుక్కుంది. బల్ల అంచు పట్టుకుంది. ఆవపిండి దగ్గర ఇక ఆగలేకపోయింది. కళ్ళలోంచి నీళ్ళు వచ్చేలా నవ్వింది.

సిక్స్టెన్ అనుమానంగా చూశాడు. "విన్నావా? ఊరికే నవ్వావా?"

"విన్నాను. తృప్తిగా తిని పోయాడు."

 మీసం లేని మూతి ఒక పక్కకు వంకరపోయింది.

"అయితే నవ్వొచ్చు" అన్నాడు. అని, తనూ మొదలుపెట్టాడు.