పుట్ట లేని పుట్టకొక్కులు

నా చిన్నప్పుడు ఒక ఆదివారం, పై గదిలో ఉండే అక్క ఏదో చెబుతూ నవ్వుతూ మా గుమ్మం దాకా వచ్చింది. అక్కడ విస్తరాకులో మిగిలి ఉన్న తెల్లటి పుట్టగొడుగులను చూసి మాట మధ్యలోనే నవ్వు ఆపేసింది. ఏదో కానిది జరుగుతోందని నాకు అప్పుడే తెలిసింది. ఇంట్లో ఇంకెవరూ గమనించలేదు. అమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. మా బాపమ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, పొయ్యి మీద కూర కలుపుతోంది. తమ్ముడు ఆమె పక్కనే కూర్చుని వేళ్లు నాకుతున్నాడు.

మేమప్పుడు సూరత్‌లో, ఉధ్నా అనే పేటలో, వరసగా గదులున్న ఒక పాత కట్టడంలో ఉండేవాళ్లం. నాన్న మరమగ్గాల మీద పని చేసేవాడు. బాపమ్మ సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చి, వచ్చిన రోజు నుంచే ఊరి మీద బెంగ పెట్టుకుంది. నీళ్లు బాగాలేవనేది, పప్పులో బెల్లమేందనేది, మగ్గాల చప్పుడుకు నిద్ర పట్టడం లేదనేది. ఆ రోజు పొద్దున మాత్రం కొంగు నిండా పుట్టగొడుగులతో చిన్నపిల్లలా ఇంట్లోకొచ్చింది. మా వైపు వాటిని పుట్టకొక్కులంటారు. తొలకరిలో ఉరుము ఉరిమితే అవి లేస్తాయని, వాటి కూర ముందు మాంసం కూడా దిగదుడుపేనని ఆమె చెబుతుంటే మాకు నోరూరేది.

పై గది అక్క వాళ్లది కోస్తా. తండ్రి రైల్వేలో చేసేవారు. ఆమె కాలేజీలో బూజుల మీద, పుట్టగొడుగుల మీద పరిశోధన చేసేది. చెట్టు మొద్దులకు పట్టే, చెక్కలా గట్టిగా ఉండే ఒక గోధుమరంగు పుట్టగొడుగును ఎండబెట్టి, పొడి కొట్టి, మరిగించి, ఆ కషాయం రోగాలు తెచ్చే సూక్ష్మజీవులను ఆపుతుందేమోనని గాజు పళ్లేల్లో చూసేది. కట్టడంలో అందరూ ఆమెను బూజక్క అనేవారు. ఎవరింట్లో రొట్టెకు బూజు పట్టినా, "ఇదిగో నీ చదువు" అంటూ తెచ్చిచ్చేవారు. ఆమె నవ్వుతూ తీసుకునేది. కింది గదిలో చక్కెర జబ్బున్న ఒక పెద్దాయన ఆ పొడి కొంచెం తనకిమ్మని వెంటపడేవాడు. "గాజు పళ్లెంలో పనిచేసిందండీ. మనిషిలో ఏం చేస్తుందో ఇంకా తెలీదు. మీ మాత్రలు మానకండి" అనేది. రెండేళ్లు చదివి తెలీదంటుందేమిటని వెనకాల నవ్వుకునేవారు. నేనూ నవ్వేదాన్ని.

ఆ అక్కే గుమ్మం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఒక గొడుగును వెనక్కి తిప్పి చూస్తోంది.

"ఏంది పిల్లా, గట్ల సూస్తున్నవ్? నీ బూజు కాదది. మా ఊరి పుట్టకొక్కులు. కూసో, రొట్టెల ఏసుకొని తిందువు" అంది బాపమ్మ.

"ఎక్కడ కోశారు మామ్మగారూ?"

"గీ కార్ఖాన యెనక ఖాళీ జాగల. గడ్డిల ఇరగబూసినయ్. గీ ఊరోళ్లకు తెల్వది, తొక్కుకుంట పోతున్నరు."

"ఇవి తినేవో కాదో నాకు తెలీదు మామ్మగారూ. కూర కాసేపు ఆపండి."

బాపమ్మకు కోపం వచ్చింది. "గదే సదువుతివి, తెల్వదంటవ్! నేను సదువకనే జెప్త. కోడలి మట్టె ఏసి ఉడకవెట్టిన. నల్లవడలే. ఇసముంటే ఎండి నల్లవడదా?"

వెండికి ఈ విషం తెలియదని అక్క మెల్లగా చెప్పింది. బాపమ్మ వినలేదు. అక్క వాదించడం మానేసి, పొయ్యి దగ్గరకొచ్చి కూర్చుని, ఏదో సరదాకి అడిగినట్టు అడిగింది. "మీ ఊళ్లో వీటిని పుట్టకొక్కులని ఎందుకంటారు?"

"పుట్ట మీద లేస్తయి గనుక. సెదలపుట్ట. మా అవ్వ జెప్పేది, పుట్ట మీద లేసిందే మనది, పుట్ట లేని కాడ లేసింది కుక్కగొడుగు, దాన్ని ముట్టు..."

ఆ మాట పూర్తి కాలేదు. గరిటె ఆగిపోయింది. బాపమ్మ కూర వైపు కాదు, గోడ వైపు చూస్తోంది. ఆ ఖాళీ స్థలం ఆమె కళ్ల ముందు కదిలిందనుకుంటాను.

"పుట్ట లేదు బిడ్డా" అంది.

అక్క ఒక్కసారిగా లేచి, ఎవరైనా తిన్నారా అని అడిగింది. ఇంకా వడ్డించలేదు కదా అని అమ్మ అంటూనే ఉంది, బాపమ్మ అడ్డుపడింది. "పోరనికి నేనే పెట్టిన. ఉప్పు సూడుమని." మా ఇంట్లో ఏ కూర దించినా ముందు ఒక ముక్క పిల్లల అరచేతిలో వేసి ఉప్పు చూడమనడం అలవాటు. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గలేదు, కళ్లు దించుకోలేదు. అప్పటిదాకా మట్టె గురించి వాదించిన మనిషి, తన పరువు సంగతి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఉప్పునీళ్లు తాగించి కక్కిస్తానని అమ్మ చెంబు అందుకుంటే, అది ఇంకా ప్రమాదమని అక్క ఆపింది. పచ్చి గొడుగుల్ని కాగితంలో చుట్టుకుంది. ఒక్కదాన్ని మాత్రం కాడ తీసేసి, నా డ్రాయింగ్ కాగితం మీద బోర్లించి, పైన స్టీలు గిన్నె మూసి, ఎవరినీ ముట్టవద్దంది. అందరం రిక్షా ఎక్కాం. దారిలోనే తమ్ముడు కడుపు పట్టుకుని వాంతులు మొదలుపెట్టాడు. వాడి ముఖం నాన్న బనియన్ రంగుకు వచ్చింది. నేను వాడి చెప్పు ఒకటి పట్టుకుని ఏడుస్తున్నాను. అది నా చేతిలోకి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

ఆసుపత్రిలో డాక్టరు హిందీలో ఏం తిన్నాడని అడిగితే అక్క కాగితం విప్పి చూపించింది. ఆయన మంచి పని చేశారన్నాడు. చాలామంది భయంతోనో సిగ్గుతోనో గిన్నె కడిగేసి, ఏమీ తినలేదని చెబుతారట. సెలైన్ పెట్టారు. కొన్ని విషాలు ఆలస్యంగా బయటపడతాయని ఆ రాత్రికి అక్కడే ఉంచుకున్నారు. బాపమ్మ వాడి పాదాల దగ్గర కూర్చుని లేవలేదు. మగ్గాల దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చిన నాన్న ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. అంటాడేమోనని నాకు భయంగా ఉండింది.

తెల్లవారాక తమ్ముడు కళ్లు తెరిచి, చాయ్‌లో బిస్కెట్టు కావాలన్నాడు. ఎన్ని బిస్కెట్లు కావాలని నాన్న అడిగితే, నాకు ఒక్కటీ ఇవ్వకుండా అన్నీ కావాలన్నాడు. ఆ మాటకు మా అమ్మ నవ్వినంతగా నవ్వడం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. నవ్వుతూనే గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుండిపోయింది.

ఇంటికొచ్చాక అక్క గిన్నె తీసింది. కాగితం మీద గొడుగు కింది మడతల ఆకారమే అచ్చుగా పడి ఉంది, ఎండిన గోరింటాకు పొడి రంగులో. ఆ పొడే దాని విత్తనమని, ఆ ఆకుపచ్చ రంగే అది విషపు జాతని చెప్పేసిందని అక్క మాకు వివరించింది. బాపమ్మ చాలాసేపు చూసి, "మా దిక్కు నేనెన్నడు గిసొంటిది సూడలే" అంది. "మీ వైపు ఉండి ఉండవు మామ్మగారూ. మీకు తెలిసింది మీ ఊరి సంగతి. అది తప్పు కాదు" అంది అక్క. ఆ మాటతో బాపమ్మ మళ్లీ మనుషుల్లో పడింది.

అమ్మ మాత్రం ఇక ఇంట్లోకి బూజన్న మాటే రానివ్వనని ఒట్టు పెట్టుకుంది. అంతకుముందు ఏడు తమ్ముడి చెవికి చీము పట్టినప్పుడు తగ్గించిన మందు మొదట దొరికింది ఒక బూజు నుంచేనని అక్క చెబితే, అమ్మ నమ్మలేనట్టు వాడి చెవి వైపు చూసింది. బన్ను పొంగేది కూడా ఆ జాతి వల్లేనంది. మందయ్యేదీ విషమయ్యేదీ ఒకే కుటుంబంలో పుడతాయట. ఏది ఏదో తేల్చడానికే తన చదువట.

కొన్నాళ్లకు ఆమె బాపమ్మ కోసం సంచిలో గడ్డి నింపి, తినే పుట్టగొడుగుల విత్తనం కలిపి మా గదిలో వేలాడదీసింది. గడ్డి చాలకపోతే నాన్న మగ్గాల దగ్గరి పీచు మూటగట్టి తెచ్చాడు. తరతరాల అలవాటు, మేం ప్రతి దారాన్నీ నూలనే అనేవాళ్లం. అక్క నలిపి చూసి, "ఇది నూలు కాదు బాబాయ్, పాలిస్టర్. దీన్ని పుట్టగొడుగు తినదు" అంది. "బూజుగూడ తినని బట్టలు కడుతున్నం గదరా" అని బాపమ్మ నవ్విన నవ్వు గది దాటి వినిపించింది. తర్వాత గడ్డి సంచిలోంచి చెవుల్లాంటి తెల్లటి గొడుగులు గుత్తులుగా వచ్చాయి. ఆమె వండింది. ఉప్పు తనే చూసుకుంది.

అక్క తర్వాత ఎక్కడికి వెళ్లిందో తెలియదు. నేను చదువుకున్నాను, పెళ్లయింది, ఇదే ఊళ్లో ఉన్నాను. చిన్నదానికే కంగారుపడే తల్లినయ్యాను. నిన్న సాయంత్రం వాన వెలిశాక, మా అపార్ట్‌మెంట్ సొసైటీ గడ్డిలో పుట్టగొడుగుల ముందు మా అబ్బాయి నోరు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నాడు. నేను అరిచాను. ఏం తిన్నావని అరిచిన కొద్దీ వాడు చేతులు వెనక దాచుకుని, పెదవులు ఇంకా బిగించాడు. వాడికంటే పెద్దదైన మా అమ్మాయి పక్కకు తీసుకెళ్లి బుజ్జగించి అడిగితే తెలిసింది, వాడు తినలేదు, కాలితో తన్నాడంతే. నోరు మూసుకున్నది నా ముఖం చూసి. అయినా వాడి ఊపిరి వింటూ పడుకున్నాను. నాకు గుర్తొచ్చింది విషం కాదు. తెలీదని తలెత్తుకుని చెప్పిన ఒకామె, నేనే పెట్టానని వెంటనే చెప్పిన ఇంకొకామె. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరు సిగ్గుపడినా మా తమ్ముడు ఏమయ్యేవాడో.

ఇవాళ పొద్దున పిల్లలిద్దరినీ పాలగ్లాసుల ముందు కూర్చోబెట్టి చెప్పాను. నోట్లో ఏం పెట్టుకున్నా, అదేమిటో తెలియకపోయినా, పరుగెత్తుకొచ్చి నాకు చెప్పండి. నేను భయపడతాను, అరుస్తాను కూడా. కానీ తిట్టను.

"పక్కా, మమ్మీ?" అంది అమ్మాయి.

"పక్కా."

మా అబ్బాయి పాలగ్లాసు దించి, "అయితే మొన్న క్లాసులో రబ్బర్ తిన్నా. థోడాసా, కొంచెమే" అన్నాడు.

అరవబోయి ఆగాను. వాడి తల నిమిరి, "చెప్పావు కదా నాన్నా, మంచి పని చేశావు" అన్నాను.