జర్మన్ పెద్దాయనకు మారు వడ్డన

ఆ రోజుల్లో అంటే మరీ కానీలూ అణాలూ చెల్లిన కాలమేం కాదు. ఫోన్ మీద వేలితో నొక్కితే కొత్తిమీర కట్ట గుమ్మం ముందు వాలే రోజులే. అయినా నాకవి చాలా దూరంగా కనిపిస్తాయి, ఎందుకంటే అప్పట్లో నాకు తెలియనిదంటూ ఏమీ ఉండేది కాదు. హోమ్ సైన్స్ డిగ్రీ చేతపట్టుకుని తిరుమలగిరిలో ఒక కంపెనీ గెస్ట్ హౌస్‌లో కేటరింగ్ సూపర్‌వైజర్‌గా కొత్తగా చేరాను. (పేరు ఘనంగానే ఉంది గానీ, నేను అజమాయిషీ చెయ్యాల్సింది వంట పెద్దమ్మ ఒక్కదాన్నే. నిజానికి ఆవిడే నన్ను అజమాయిషీ చేసేది.) అంతలో ఆ కంపెనీ ఏదో పెద్ద మెషీన్ తెప్పించింది, దాన్ని బిగించడానికి జర్మనీ నుంచి ఒక పెద్దాయన దిగాడు. ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం. మేనేజర్ సార్ నన్ను పిలిచి, "ఆయన మూడు నెలలుంటాడమ్మా. ఆయనకు మన తిండి పడితే నీ ఉద్యోగం పర్మనెంట్. పడలేదని హోటల్‌కి వెళ్లిపోయాడంటే మాత్రం ఈ గెస్ట్ హౌసూ అక్కర్లేదు, నువ్వూ అక్కర్లేదు అంటారు పైవాళ్లు" అని ఉన్నమాట చెప్పేశాడు.

తర్జుమా చేసే యాప్‌లున్నాయిగా అంటారేమో, ఉన్నాయి. మొదటి రోజు డైనింగ్ టేబుల్ మీద నా ఫోన్ పెడితే, ఆయన దాన్ని బోర్లించి, అన్నం దగ్గర ఇది పనికిరాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. మా నాన్నా అంతే కాబట్టి ఆ మాత్రం నాకు జర్మన్ రాకుండానే అర్థమైంది. ఇక లాభం లేదని, సైనిక్‌పురిలో మాకు తెలిసిన కర్నల్ ఆంటీ దగ్గర జర్మన్ నేర్చుకోవడానికి చేరాను. కర్నల్ గారి ఉద్యోగం వల్ల ఆవిడ కొన్నేళ్లు జర్మనీలో కాపురం చేసి వచ్చింది. "భాష దేనికి నీకు?" అంది. "కూరగాయలు కొనడానికీ, వంటలు ప్లాన్ చెయ్యడానికీ ఆంటీ" అన్నాను. "అయితే వ్యాకరణం జోలికి పోవద్దు, నేరుగా బజారుకి పోదాం" అని, టీపాయ్ మీద బంగాళదుంపలూ ఉల్లిపాయలూ పరిచి తనే కొట్టు పెట్టేసింది. బంగాళదుంపలు కార్టోఫెల్న్, రొట్టె బ్రోట్, దోసకాయ గుర్కె. నేను ఒక్కో సరుకు అడగడం, ఆవిడ "నోఖ్ ఎట్వాస్?" అనడం. ఇంకేమైనా కావాలా అని దానర్థం. చాలనుకుంటే "నైన్, డాంకె" అనాలి, అంటే వద్దండీ, థాంక్స్ అని. ఆ రెండు ముక్కలూ నాకు ఎంత బాగా పట్టుబడ్డాయంటే, వాటితో జర్మనీ అంతా చుట్టి రాగలననిపించింది.

ప్రాక్టీసు కోసమని పెద్దమ్మతో కలిసి బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్లి, బస్తాల వెనక కూర్చున్న ఆయన ముందు నిలబడి, "ఐన్ కిలో కార్టోఫెల్న్" అన్నాను. ఆయన నన్ను వదిలేసి పెద్దమ్మను అడిగాడు: "ఏమంటున్నదమ్మా ఈ మేడం?" "ఆలుగడ్డ కిలో కావాల్నట" అంది పెద్దమ్మ. "ఇది హోల్‌సేలు. కిలో, అద్దకిలో గిట్ల ఇయ్యం. బస్తా తీస్కుపోండ్రి" అన్నాడాయన. నాకొచ్చిన జర్మన్‌లో బస్తాకి మాట లేదు గానీ బేరం మాత్రం కుదిరిపోయింది, బస్తా ఆటో ఎక్కింది. ఆ వారం మా మెనూలో సోమవారం నుంచి శనివారం దాకా బంగాళదుంప తప్ప మరో కూర లేదంటే ఆ పాపం నా చదువుదే.

పెద్దాయన చాలా మర్యాదస్తుడు. స్నానం చేసి, జుట్టు తడిపి దువ్వుకుని, సరిగ్గా వేళకి టేబుల్ దగ్గరికొచ్చేవాడు. వడ్డించింది మెతుకు మిగల్చకుండా తినేవాడు. నేను గరిటెతో పక్కన నిలబడి "నోఖ్ ఎట్వాస్?" అనేదాన్ని, ఆయన "నైన్, డాంకె" అనేవాడు. నేను వడ్డించేసేదాన్ని. అదేమిటి, వద్దన్నాడుగా అంటారా? మా ఇంట్లో చుట్టాలెవరూ మొదటిసారే ఊఁ అనగా నేను చూడలేదు. చెయ్యి అడ్డం పెట్టి, విస్తరి మీదికి వంగి, "మీ మీద ఒట్టు, ఇంక పట్టదు" అంటే తప్ప మా అమ్మ గరిటె వెనక్కి తీసేది కాదు. ఈయన చెయ్యి అడ్డం పెట్టలేదు, ఒట్టు పెట్టలేదు, కాబట్టి అది మొహమాటమే అని నేనూ పెద్దమ్మా తీర్మానించేశాం. వడ్డించింది ఆయన మళ్లీ ఊడ్చినట్టు తినేసేవాడు. వంటింటి తలుపు చాటునుంచి ఖాళీ కంచం చూసి పెద్దమ్మ, "పాపం, ఆకలికి ఆగుతలేడు బిడ్డా, ఇంకో గరిటె ఎయ్యి" అనేది.

పది రోజులు తిరక్కుండానే మేనేజర్ సార్ మొహం వేలాడేసుకుని వచ్చాడు. "ఆయన హోటల్‌కి మారతానంటున్నాడు. కారణం తిండేనట. ఆదివారం దాకా ఆగమని బతిమాలాను. ఆ తర్వాత నేనేం చెయ్యలేనమ్మా." మొదటి జీతంతో అమ్మకు చీర కొని, ఉద్యోగం ఖాయమైనట్టేనని చుట్టాలందరికీ చెప్పేసి ఉన్నాను. పెద్దమ్మతో మొర పెట్టుకుంటే, "సాలుత లేదు గావొచ్చు" అంది. (ఆ మాట నాకు చాలా సబబుగా తోచింది, అదీ నా తెలివి.) ఆ రాత్రి పూరీ కూరా, పప్పూ, వేపుడూ, పెరుగన్నమూ పెట్టి, పైన సేమ్యా పాయసం పోశాం. పెద్దాయన పాయసం గిన్నెకేసి, పరీక్షలో రాని ప్రశ్నను చూసినట్టు కాసేపు చూసి, కళ్లు మూసుకుని తాగేశాడు. మర్నాడు పొద్దున టిఫిన్‌కి కిందికి దిగనే లేదు.

పరుగున ఆంటీ దగ్గరికెళ్లాను. ఆవిడ అంతా విని, "అతను నైన్ డాంకె అంటే నువ్వేం చేస్తావు?" అంది. "వడ్డిస్తాను ఆంటీ." ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "పిచ్చి మొహమా, వాళ్లు వద్దంటే వద్దనే. కంచంలో పడింది మాత్రం వదలరు, ఆ వయసు వాళ్లు అసలే వదలరు, అలాంటి పెంపకం. నువ్వు వడ్డిస్తున్నంతసేపూ అతను తినాల్సిందే. వారం నుంచీ ఆ మనిషిని చంపుతున్నావు నువ్వు." నాకు నవ్వు రాలేదు, సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ పూటే ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుని వారానికి మెనూ వేయించింది. మధ్యాహ్నం వేడి భోజనం, రాత్రికి రొట్టె, చీజ్, దోసకాయ ముక్కలు, అంతే.

పెద్దమ్మను ఒప్పించడం జర్మన్ కంటే కష్టమైంది. "రాత్రికి ఉత్త బ్రెడ్డా? ఏమైంది, జరమొచ్చిందా ఆయనకు?" అంది. లేదు, వాళ్ల అలవాటే అంత అన్నాను. వద్దంటే ఇక పెట్టకూడదని కూడా చెప్పాను. "ఒక్కపారి వద్దన్నడని ఊకుంటే అది అన్నం పెట్టుడెట్లయితది బిడ్డా? రేషన్ దుకాణమైతది" అని మూతి తిప్పుకుంది. అయినా పెట్టింది. ఆ రాత్రి పెద్దాయన రెండు రొట్టె ముక్కలు తిన్నాడు. నేను "నోఖ్ ఎట్వాస్?" అన్నాను. "నైన్, డాంకె" అన్నాడు భయం భయంగా. నేను పళ్లెం తీసుకుని లోపలికి నడిచాను. వెనక నుంచి ఆయన వదిలిన నిట్టూర్పు వంటింట్లోకి వినబడింది. ఆదివారం వచ్చింది, వెళ్లింది, హోటల్ మాట మళ్లీ రాలేదు. మూడో నెలలో నా ఉద్యోగం పర్మనెంటయింది.

పెద్దాయన రేపు వెళ్లిపోతాడనగా పెద్దమ్మ, "ఇయ్యాల నా మాట ఇనాలె" అని బగారన్నం, కోడికూర వండింది. ఆయన ఇష్టంగా తిన్నాడు. నేను గిన్నె పట్టుకుని "నోఖ్ ఎట్వాస్?" అన్నాను. "నైన్, డాంకె" అన్నాడు. నేను చక్కగా మూత పెట్టి, నేర్చిన విద్య సార్థకమైందనుకుంటూ లోపలికి వెళ్లిపోయాను. కాసేపటికి పెద్దమ్మ నన్ను గోకి, "లేస్తలేడే" అంది. తొంగి చూస్తే ఆయన ఖాళీ కంచం ముందు చేతులు కట్టుకుని, వంటింటి తలుపుకేసి చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ గిన్నెతో వెళ్లి, మళ్లీ అడిగాను. "నైన్, డాంకె" అంటూనే కంచాన్ని వేలితో ఇంత ముందుకు జరిపాడు. ఫ్యాక్టరీలో టిఫిన్ డబ్బాలు విప్పే మనవాళ్లు ఆయనకు మర్యాద నేర్పారట: అడగ్గానే ఊఁ అనకూడదు, వాళ్లే మళ్లీ అడుగుతారు అని. వచ్చీరాని ఇంగ్లీషులో ఆయన ఆ మాట చెబుతుంటే, మూడు నెలలూ కష్టపడి నేను జర్మనీ మనిషినీ, ఆయన మా చుట్టమూ అయ్యామని తెలిసింది. ఈసారి అడక్కుండా వడ్డించాను.

ఆయన వెళ్లాక ఆ గదికి తాళం వేస్తుంటే ఇంట్లో మనిషి ఊరెళ్లినట్టనిపించింది. ఇప్పుడు ఎవరింటికైనా వెళ్లి "వద్దండీ" అన్నప్పుడు, ఈ కాలపు పిల్లలు "సరే ఆంటీ" అని నిజంగానే గిన్నె తీసుకుని వెళ్లిపోతుంటారు. నేను ఖాళీ కంచం ముందు కూర్చుని వంటింటికేసి చూస్తాను, చేతులు కట్టుకుని.