బాగున్నావా అని అడిగితే

ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో మనిషికి మనిషి ఎదురైతే "బాగున్నావా?" అంటారు. అవతలివాడు కూడా "బాగున్నావా?" అనేసి దాటిపోతాడు. జవాబు కోసం ఆగేవాడు వెర్రిబాగులవాడి కిందే లెక్క. డోరీన్ ఇరవై రెండేళ్లుగా బడి భోజనశాలలో గరిటె పట్టుకుని, రోజుకు నాలుగొందలసార్లు ఆ మాటే అంటోంది. పిల్లలేమన్నారో ఏనాడూ విన్నది లేదు.

ఆ ఏడు బడిలో పిల్లల మనసు కష్టాలు వినడానికి ఒక గది తెరిచారు. నీలం గోడలు, మెత్తటి కుర్చీలు, హార్ట్లీ అనే ఓపికగల కౌన్సెలరు. అన్నీ ఉన్నాయి, తలుపు తట్టే పిల్లలే లేరు. తడితే బడంతా చూస్తుందని వాళ్ల భయం.

ఒక గురువారం పన్నెండేళ్ల కీలీ కంచం పట్టుకుని వరసలో వచ్చింది.

"బాగున్నావా బంగారం?"

"లేదు మిస్."

"మంచిది తల్లీ. గ్రేవీ వెయ్యనా?"

కీలీ వేయించుకుని వెళ్లిపోయింది. ఇంకో ఇద్దరికి వడ్డించాక గాని ఆ "లేదు" డోరీన్ బుర్రకెక్కలేదు. ఆ ఒక్క మాట అనడానికి ఆ పిల్ల ఎన్నాళ్లు ధైర్యం కూడగట్టుకుందో! దానికి తను పోసింది గ్రేవీ.

గరిటె వదిలేసింది.

"ఎక్కడికే? వరస తలుపు దాకా ఉంది!" అని వంటమనిషి బ్రెండా అరిచింది.

"ఉండనీవే. ఒకపూట ఆలస్యంగా తింటే ఎవరూ చచ్చిపోరు."

కీలీ మూలబల్ల దగ్గర కంచం ముట్టకుండా కూర్చుని ఉంది.

"ఇందాక నువ్వు చెప్పావు, నేనే వినలేదు. తప్పు నాది. మళ్లీ చెబుతావా తల్లీ?"

కీలీ కంచం పక్కకు జరిపింది. "అమ్మ మంచం దిగట్లేదు మిస్. చెల్లిని నేనే చూసుకుంటున్నా. ఎవరికైనా చెబితే మమ్మల్ని విడదీస్తారేమో."

అలా జరగదనే మాట డోరీన్ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"అది నాకు తెలీదురా. తెలిసినావిడ ఆ నీలం గదిలో ఉంది. ఇద్దరం వెళ్దాం. తలుపు నేను తడతాను."

హార్ట్లీ పూనుకోవడంతో, రెండు వారాలకల్లా కీలీ వాళ్ల పిన్ని వచ్చి ఆ ఇంట్లోనే ఉంటోంది. తల్లికి వైద్యం మొదలైంది. అక్కచెల్లెళ్లు ఒకే గదిలో పడుకుంటున్నారు.

ఆ సోమవారం వరసలో కీలీ ముందుగా అడిగింది.

"బాగున్నారా మిస్?"

అడిగి, కంచం చాపకుండా అలాగే నిలబడింది. వెనక పిల్లలు సణిగారు. కీలీ కదల్లేదు.

డోరీన్ భర్త పోయి నాలుగేళ్లు. ఇన్నాళ్లూ ఊరందరితో "బాగున్నా" అంటూ వచ్చిన డోరీన్ ఈసారి గరిటె కింద పెట్టింది.

"అంత బాగాలేనే తల్లీ."

"అయితే వడ్డన అయ్యాక రండి," అంది కీలీ. "మూలబల్ల దగ్గరే ఉంటా."