చేయి జారిన భోప్లా

ఆ రోజుల్లో తీగకు కాసిందేమిటో కోసి చూస్తే గానీ తెలిసేది కాదు. కాయ మీద పేరు అంటించి ఎవరూ అమ్మేవారు కాదు. మేము బోధన్‌లో చెరకు ఫ్యాక్టరీ దగ్గర ఉండేవాళ్లం. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. చెరకు నరకడానికి మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒకామె, మా అవ్వ (అమ్మను మేమలాగే పిలుస్తాం) మజ్జిగ పోసినందుకు గుప్పెడు గింజలిచ్చి, "భోప్లా" అని చెప్పి పోయింది. వాళ్ల భాషలో గుమ్మడీ భోప్లాయే, సొరకాయా భోప్లాయే (అంటే ఏమీ చెప్పనట్టే).

తీగ పందిరెక్కి ఒకే ఒక్క కాయ కాసింది. మెడ సొరకాయది, పొట్ట గుమ్మడిది, పైన బూడిద గుమ్మడిలా తెల్లటి పొడి! వాడకట్టంతా వచ్చి చూసిపోయింది. లోపల ఏ రంగుందో చూడాలని నాకు ఒకటే ఆరాటం. "కొయ్యనా అవ్వా?" అంటే, "గుమ్మడైతె ఆడోళ్లు ముందుగాల కత్తి పెట్టొద్దు బిడ్డా, మొగోళ్లె కొయ్యాలె. సొరకాయైతె నేనే కోస్త" అంది. "మరి గిదేందో ఎట్ల తెలుస్తది?" అన్నాను. "కోస్తె తెలుస్తది" అంది అవ్వ, ఎంతో తేటగా చెప్పినట్టు. బాపు (మా నాన్న) మాత్రం ఒక్కసారి చూసి, "గిది బూడిద గుమ్మడే. పొద్దుమీకి వచ్చి దిష్టికి వాకిట్ల కడత" అని డ్యూటీకి వెళ్లిపోయాడు. గుమ్మానికి కట్టిన కాయను ఎవరూ కోయరు. ఇక దాని లోపలేముందో ఈ జన్మకు తెలియదని నాకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం అవ్వ పోపు గింజలు తీసి, ఉల్లిగడ్డ తరిగి, పొయ్యి ముట్టించింది. ఏం కూరంటే, పోయి పందిరి మీది కాయను తెంపుకొచ్చింది. కాయను శుభ్రంగా కడిగి, రెండు చేతులా ఎత్తి, "అయ్యో, చెయ్యి జారె!" అంది. (జారకముందే కాళ్లు వెనక్కి తీసుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.) బండ మీద పడి రెండుగా పలిగింది. లోపల పచ్చి పసుపుకొమ్ము విరిచినప్పటి రంగు! ఇద్దరం గొంతుక్కూర్చుని అలా చూస్తూ ఉండిపోయాం. "గుమ్మడేనే!" అంది అవ్వ. నాకంటే ఆమె సంబరమే ఎక్కువ. "బాపు రావాలె గదా మరి?" అంటే, "నేనేడ కోసిన? అదే పలిగె" అని కత్తి అందుకుంది.

సాయంత్రం బాపు రెండు ముద్దలు తిన్నాక, "దిష్టికాయ ఏదే?" అన్నాడు. "చెయ్యి జారి పలిగింది" అంది అవ్వ. బాపు ఒక ముక్కను వేళ్లతో తిప్పి చూశాడు. "పలిగితె గూడ ముక్కలు గింత సమంగ అయితయా?" అని, ఇంకొంచెం కూర వేయమని కంచం జరిపాడు.

ఇప్పుడు నిజామాబాద్ మార్కెట్లో అదే కాయను రంగు కనబడేలా సగానికి కోసి పెడుతున్నారు. నేను మాత్రం కోయనిదే అడిగి తెచ్చుకుంటాను. కత్తి పెట్టొద్దనేవాళ్లు ఇంట్లో ఇప్పుడెవరూ లేరు. అయినా వంటింటి బండ దగ్గరికి వచ్చేసరికి అవ్వ గుర్తొచ్చి, నా చేతులు కొంచెం వదులవుతాయి.